దండలు వేసినవాళ్ల పేర్లు సరే, ఆయన ఏం చేశాడో రాయరా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నిన్న 16వ తేదీ జిల్లా పేజీలో పొట్టి శ్రీరాములు గారి వర్ధంతి ఫొటో వేశారు. విగ్రహం మెడలో అయిదారు దండలు, చుట్టూ జనం, కింద ఎడమ నుంచి వరసగా తొమ్మిది మంది పేర్లు, వాళ్ల పదవులు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పేపర్ నేలమీద పరుచుకుని వేలు పెట్టి చదువుతుంది. ఆ వార్తంతా చదివి, "అమ్మా, ఈ తాత ఏం చేశాడో ఇందులో లేదే" అంది. నేనూ చూశాను. నిజంగానే లేదు. సేవలు మరువలేనివన్నారు, ఆశయాలు కొనసాగించాలన్నారు. ఏ సేవో, ఏ ఆశయమో ఒక్క ముక్క లేదు.

అన్ని పేపర్లూ ఇంతేలెండి. మా ఇంటికి వచ్చేది మీ పేపర్ కాబట్టి మీకు రాస్తున్నాను.

మూడేళ్లుగా నేను ఇద్దరు పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నాను. చిన్నవాడికి ఏడు. బడి ఎందుకు మానిపించావని అడిగేవాళ్లకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ఆ సంగతి ఇక్కడ వద్దు. పది ఎట్లా రాస్తారని అడిగేవాళ్ల కోసం మాత్రం చెబుతున్నా, 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చు. లెక్కలు, తెలుగు నాకు పెద్ద టెన్షన్ కాలేదు. చిక్కంతా సోషల్‌తోనే. అందులోనూ రాజుల కాలంతో బాధ లేదు, గుర్రమూ కత్తీ ఉంటే వాళ్లే నోరు తెరుచుకుని వింటారు. ఈ వందేళ్లలో జరిగింది చెప్పాలంటేనే నోరు పెగలదు. చట్టం, తీర్మానం, రాష్ట్రం అంటే ఏడేళ్ల వాడికి ఏం తెలుస్తుంది?

అందుకని హాల్లో గోడకి బట్టలారేసే తాడు ఒకటి కట్టాం. పదేళ్లకి ఒక జాన. ఎవరి జాన అని గొడవ పడితే అవ్వ జాన అని తేల్చాం. కుడి చివర ఈ ఏడాది. అక్కణ్ణుంచి వెనక్కి కొలుచుకుంటూ పోయి, కాగితం మీద బొమ్మ వేసి క్లిప్పు పెట్టాలి. మావాడు పుట్టింది ఒక్క జాన కూడా నిండని చోట. వాడికి అది పెద్ద అవమానమైపోయింది. అవ్వ, అంటే మా అత్తగారు, దాదాపు ఎనిమిది జానల అవతల, 1948 ఆషాఢంలో పుట్టారు.

మా అత్తగారు చిన్నప్పుడు గాంధీ గారిని నెల్లూరులో చూశామని ఎప్పుడూ చెబుతుంటారు. నా పెళ్లయిన ఈ పదకొండేళ్లలో ఎన్నిసార్లు విన్నానో. తాడు కట్టిన నాలుగో రోజు మా అమ్మాయి 1948 జనవరి 30 దగ్గర ఒక కాగితం తగిలించి, వేళ్లు లెక్కపెట్టుకుని, "అవ్వా, ఆషాఢం జనవరికి ముందా వెనకా?" అని అడిగింది. ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒకటే నవ్వు. "మా అమ్మ చూసిందిలేయే. ఆమె చెప్పీ చెప్పీ నేనే చూసినట్టు అయిపోయింది." పెద్దవాళ్లు చెప్పినదాన్ని కూడా తాడు దగ్గరికి తీసుకుపోయి చూసుకోవచ్చని మా అమ్మాయికి ఆ రోజే తెలిసింది. ఇప్పుడు నన్నూ వదలడం లేదు.

ఆ వచ్చిన ఆదివారం పల్లిపాడు పోయాం. పెన్న ఒడ్డున 1921 ఏప్రిల్ 7న గాంధీ గారు ప్రారంభించిన ఆశ్రమం అక్కడే ఉంది. మావాడికి ఆశ్రమం కన్నా ఏటి ఇసుక నచ్చింది. చీరాల, పేరాలని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, అదే ఏడాది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరు ఖాళీ చేసి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారని చెప్పాను. పిల్లలు మేడ మీద నా చీరలతో పాక వేసి, రాత్రంతా అక్కడే ఉంటామన్నారు. దోమలు ఎనిమిదింటికే కిందికి దించాయి. టంగుటూరి ప్రకాశం పంతులు గారి సంగతి చెప్పడం మాత్రం చాలా తేలిక. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఆయన తుపాకులకి గుండె చూపించారని విన్న దగ్గర్నుంచి మావాడు ఇంటికి ఎవరొచ్చినా చొక్కా గుండీలు విప్పుతున్నాడు.

శ్రీరాములు గారి దగ్గర అట్లా కాదు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు అన్నం తినకుండా ఒక మనిషి చనిపోయాడని చిన్నపిల్లలకి చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి చింతగింజలు తెచ్చి, 1952 అక్టోబరు 19కి ఒకటి వంటింటి గడప దగ్గర పెట్టాను. రోజుకి ఒక గింజ చొప్పున పేర్చమన్నాను. మొదట్లో పోటీపడి పేర్చారు. అక్టోబరు అయ్యేసరికి పదమూడు గింజలు. నవంబరుకి ముప్పై. వరస వంటింట్లోంచి హాల్లోకి వచ్చి మంచం కిందగా పోయింది. మధ్యలో మావాడు, "ఇంకా తినలేదా?" అన్నాడు. లేదన్నాను. డిసెంబరు 15 గింజ దేవుడి గది ముందు పడింది. అక్కడితో ఆపమన్నాను.

ఆ తర్వాత మా అమ్మాయి చేతిలో ఇంకో నాలుగు గింజలు పెట్టాను. 16, 17, 18, 19. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ గారు ప్రకటించింది ఆ నాలుగో గింజ రోజు. అది ఆ గింజల వంకే చాలాసేపు చూసింది. "ఈ నాలుగూ ముందే అయిపోయి ఉంటే?" అంది. నేను ఏమీ అనలేదు. ఆయన పోయిన వార్త తెలిశాక రైళ్లు ఆగిపోయాయని, కాల్పుల్లో మనుషులు పోయారని పెద్దదానికి విడిగా తర్వాత చెప్పాను. చిన్నవాడికి ఇంకా చెప్పలేదు.

మర్నాడు పొద్దున మావాడు ఇడ్లీ పళ్లెం పక్కకి తోసి, కార్టూన్ పెట్టేదాకా దీక్ష అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పదిన్నరకి పక్కింటి నుంచి పెసరట్టు వాసన వచ్చింది. అంతటితో దీక్ష విరమణ. "ఆయనకి పక్కింట్లో పెసరట్టు వెయ్యలేదా?" అని అడిగాడు, నోట్లో అట్టు ఉండగానే.

అన్నిటికన్నా కష్టమైంది నెల్లూరు మూలాపేట సంగతి. మా మేనమామ ఇల్లు అక్కడే. చిన్నప్పుడు ప్రతి సంక్రాంతికీ వేణుగోపాలస్వామి గుడికి పోయేదాన్ని. ఆ గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని 1946లో ఇదే శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేశారని, ఎండలో చెప్పులు లేకుండా, మీద అట్టలు తగిలించుకుని నెల్లూరు వీధుల్లో తిరిగేవారని నాకు 34 ఏళ్లకి తెలిసింది. బడిలో నాకు నేర్పింది "అమరజీవి" అన్న బిరుదు ఒక్కటే. ఖాళీలో పూరిస్తే అర మార్కు. 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టారు. రోజూ ఎన్ని కాగితాల మీద రాస్తామో ఆ పేరు!

"గుడిలోకి ఎందుకు రానివ్వలేదు?" అని పిల్లలు అడిగితే నేను నీళ్లు నమిలాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తగారు అందుకున్నారు. "మా పుట్టింట్లో వసారా చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. కూలికి వచ్చేవాళ్లు దాంట్లోనే తాగాల. వాళ్లే కడిగి మళ్లీ దోపాల. నీళ్లు మేం పైనించి పోసేవాళ్లం."

"నువ్వూ పోశావా అవ్వా?"

"పోశాను. పది పన్నెండేళ్లు ఉంటాయి నాకు."

తల ఎత్తలేదు, కాయలు తుంచుతూనే ఉన్నారు. ఈ మాట మా ఆయన కూడా ఎప్పుడూ వినలేదట. మా అమ్మాయి గ్లాసు బొమ్మ వేసింది. తాడు మీద ఎక్కడ పెట్టాలో లెక్క చూస్తే 1960 దగ్గరికి వచ్చింది. అంటరానితనం చెల్లదని రాజ్యాంగం చెప్పిన కాగితం 1950 జనవరి 26 దగ్గర అప్పటికే వేలాడుతోంది. గ్లాసు దానికి ఒక జాన కుడివైపుకి వచ్చింది. అది రెండు కాగితాల మధ్యా జాన పెట్టి మళ్లీ కొలిచింది, తప్పు కొలిచిందేమోనని. తప్పేం లేదు. ఆ గ్లాసు ఎప్పుడు తీసేశారో అత్తగారికి గుర్తు లేదు. అందుకని ఆ కాగితం మీద ఒక ప్రశ్న గుర్తు ఉంది.

మాకు పాలు పోసే అక్కది కలిగిరి వైపు ఊరు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు ఆమె కొత్త కోడలు. సంతకం నేర్చుకుందామని రాత్రి బడికి పోతే అక్కడ సారా మాటే వచ్చిందని, మొగుడి కంట పడకుండా చీపురు కొంగులో చుట్టుకుని పోయానని పాలచెంబు పట్టుకుని గుమ్మంలోనే అరగంట చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. రాష్ట్రమంతా సారా ఆగింది 1993 అక్టోబరు 1న. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయింది 1953 అక్టోబరు 1న. సరిగ్గా నాలుగు జానలు. ఆ రోజున జిల్లా పేజీలో ఒక్క దండ కూడా కనపడదు.

ఇక నేను అడిగేది. ఇట్లాంటి రోజున దండల ఫొటో వెయ్యండి, పేర్లూ వెయ్యండి, కాదనను. పక్కన అరచేతి మందం చోటులో ఆ మనిషి ఏ ఊళ్లో, ఏ ఏట, ఏం చేశాడో రాయండి. తొమ్మిదేళ్ల పిల్ల వేలు పెట్టి చదువుకునేట్టు రాయండి. 'మహనీయుడు' లాంటి మాటలు తీసేస్తే చోటు అదే మిగులుతుంది. అట్లాగే వారానికొకసారి ఇక్కడి పెద్దవాళ్ల చేత మాట్లాడించండి. బిట్రగుంట లోకో షెడ్‌లో బొగ్గు వేసి ఇంజన్లు నడిపినవాళ్లు ఇంకా ఉన్నారు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ నుంచి రాకెట్ లేస్తే మా పిల్లలు మేడెక్కి అరుస్తారు. 1971లో అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. దానికోసం శ్రీహరికోటలోని యానాది కుటుంబాలని బయటికి పంపారని చెప్పాను గానీ, ఆ ఇళ్లు వదిలినవాళ్ల మాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు. మీ విలేఖరులు తలుచుకుంటే దొరుకుతారు.

ఈ ఉత్తరం 19 లోపు వేసుకుంటారన్న ఆశ నాకు లేదు. ఆ నాలుగు గింజలూ ఇంకా దేవుడి గది ముందే ఉన్నాయి, ఊడ్చేటప్పుడు చుట్టూ ఊడుస్తున్నాను. 19 దాటాక మొత్తం 62 గింజలూ వామనగుంటలకి ఇచ్చెయ్యాలని మావాడు ఇప్పటికే మాట తీసుకున్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కావలి, డిసెంబరు 17