గొట్టం ఆయుష్షు 50 ఏళ్లు, అప్పు గడువు 7 ఏళ్లు

సంపాదకులకు నమస్కారం.

తాగునీటికి, పారిశుద్ధ్యానికి నిధులు చాలడం లేదని మీరు రాసిన సంపాదకీయం చదివాను. అందులోని ఆవేదన నాది కూడా. అయితే 28 ఏళ్లు ఒక చిన్న పట్టణపు నీటి సరఫరా సంస్థలో లెక్కలు రాసినదాన్ని కాబట్టి ఒక మాట చేర్చాలనిపించింది. మమ్మల్ని ఎక్కువగా కుంగదీసింది డబ్బు దొరకకపోవడం కాదు, దొరికిన డబ్బుకు పెట్టిన గడువు.

ప్రధాన పైపులైను మార్చడానికి ఒకసారి అప్పు చేశాం. గొట్టాలు 50 ఏళ్లు ఉంటాయని ఇంజినీర్లు చెప్పారు. 7 ఏళ్లలో తీర్చాలని బ్యాంకు చెప్పింది. తాకట్టు ఏం పెడతారని కూడా అడిగింది. భూమిలో పాతిన గొట్టాన్ని జప్తు చేసి ఎవరికి అమ్ముతారు? చివరికి కార్యాలయం ఉన్న స్థలమే రాసిచ్చాం. నూటికి 10 వడ్డీ చొప్పున 100 అప్పును 7 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలంటే ఏటా 20కి పైనే కట్టాలి. గడువు 25 ఏళ్లయితే 11 కడితే సరిపోతుంది. మొత్తం మీద కట్టే వడ్డీ పెరుగుతుంది, ఆ సంగతి దాచను. కానీ ఆ గొట్టం నీళ్లు తాగి పెరిగే పిల్లలు రేపు సంపాదనపరులై తమ వంతు తామే కడతారు. ఒక్క తరం నెత్తిన అంత బరువు పెట్టనక్కరలేదు.

ఆ 7 ఏళ్లూ మాకు వాయిదా ముందు, మరమ్మతు తర్వాత. పాత వాల్వులు మార్చడానికి అడిగిన పద్దులను నా చేత్తోనే కొట్టేశాను. ఐదో ఏడు వచ్చేసరికి లీకేజీలు పెరిగాయి, చివరి వీధులకు నీళ్లు ఎక్కడం మానేశాయి. ఆ వీధుల వాళ్లు బిల్లులు కట్టడం మానేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

లాభం కోసం కాక ప్రజావసరాలకు అప్పివ్వడానికి ప్రభుత్వాలు పెట్టిన అభివృద్ధి బ్యాంకులు ఆదుకోవలసింది ఇక్కడే. వాణిజ్య బ్యాంకు చేతిలో ఉండేది ఎక్కువగా రేపో మాపో వెనక్కి అడిగే డిపాజిట్లు. 25 ఏళ్లకు అప్పివ్వాలంటే దానికి జంకు ఉంటుంది, అది న్యాయమైనదే. అభివృద్ధి బ్యాంకు ప్రభుత్వపు అండ చూపి దీర్ఘకాలిక బాండ్లు అమ్మగలదు, అంతే దీర్ఘకాలానికి అప్పివ్వగలదు. 1953 నాటి ఘోరమైన వరదల తర్వాత, 1954లో, నెదర్లాండ్స్‌లో నీటి మండళ్ల (వరద కట్టలు, కాలువలు చూసుకునే స్థానిక సంస్థల) కోసం ఒక బ్యాంకు పెట్టారు. అందులో ప్రధాన వాటాదారులు ఆ మండళ్లే. విడిగా వెళితే ఎవరూ పట్టించుకోని చిన్న మండలి కూడా ఆ బ్యాంకు నీడలో చవకగా అప్పు తెచ్చుకోగలదు. అంతకు శతాబ్దం ముందు లండన్ చేసిందీ ఇలాంటి పనే. 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు 30 లక్షల పౌండ్ల అప్పుకు అనుమతిచ్చింది. దాన్ని 40 ఏళ్లపాటు ఇంటి పన్నుతో తీర్చేలా ఏర్పాటు చేసింది. ఆ మురుగు కాలువలు ఇంకా అందని తూర్పు లండన్‌లోనే 1866లో చివరిసారి కలరా ప్రబలింది.

అమెరికాలో 1987 చట్టం తెచ్చిన పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. మురుగు శుద్ధికి అంతకుముందు ఎక్కువగా గ్రాంట్లుగా పోయే డబ్బును రాష్ట్రాల దగ్గర తిరుగుడు నిధిగా మార్చారు. ఒక ఊరు తీర్చిన వాయిదా మరో ఊరికి అప్పుగా వెళుతుంది. గ్రాంటు ఒక్కసారి ఖర్చయిపోతుంది, ఈ డబ్బుకు ఖర్చయిపోవడం అంటూ ఉండదు. మన దగ్గర కూడా తమిళనాడు 2002లో 13 పట్టణ సంస్థల అవసరాలను ఒకే మూటగా కట్టి 15 ఏళ్ల బాండ్లు జారీ చేసింది. ఏ ఒక్క ఊరి పేరు మీదా అన్నేళ్ల అప్పు పుట్టేది కాదు.

గడువు పొడిగించినంత మాత్రాన సరిపోదు, అప్పు తీసుకునే సంస్థను సిద్ధం చేయాలి. కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్‌లో 1993 నాటికి శుద్ధిచేసిన నీటిలో 72 శాతం లెక్కలోకి రాకుండా పోయేది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, ఫ్రాన్స్, జపాన్ల డబ్బుతో పాటు మీటర్లు, వినియోగదారుల జాబితా, వసూళ్లు అన్నీ సరిచేసుకున్నాక ఆ నష్టం 6 శాతం దరిదాపులకు తగ్గింది. మీటర్లకు, లీకేజీలకు అప్పిస్తే శిలాఫలకం వేయడానికి ఏమీ ఉండదు. అందుకే కాబోలు, కొత్త శుద్ధి కేంద్రానికి ముందుకొచ్చేవారు పాత గొట్టానికి రారు. అభివృద్ధి బ్యాంకు మొదటి అప్పు లీకేజీలకే ఇవ్వాలని నా పట్టుదల. కారిపోతున్న నీటిని ఆపితే వచ్చే ఆదాయంతోనే తర్వాతి వాయిదాలు కట్టవచ్చు.

అప్పు ఏ కరెన్సీలో ఉందన్నదీ ముఖ్యమే. నీటి బిల్లు ఎవరూ డాలర్లలో కట్టరు. డాలర్లలో అప్పు తెచ్చిన సంస్థ, సొంత కరెన్సీ విలువ పడిపోయిన ఏడాది ఏ తప్పూ చేయకుండానే ఎగవేతదారు అవుతుంది. ఆ ప్రమాదాన్ని భరించే శక్తి దేశీయ అభివృద్ధి బ్యాంకుకు ఉంటుంది, ఊరి నీటి సంస్థకు ఉండదు.

పారిశుద్ధ్యం గతి ఇంకా దయనీయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కల ప్రకారం 2022లో 220 కోట్ల మందికి సురక్షితంగా నిర్వహించే తాగునీరు, అంటే ఇంటి దగ్గరే అవసరమైనప్పుడు కలుషితం కాకుండా దొరికే నీరు, లేదు, అదే స్థాయి పారిశుద్ధ్యం లేనివారు 350 కోట్లు. నీటికైతే బిల్లు వేయవచ్చు. సెప్టిక్ ట్యాంకు నుంచి తోడిన మలవ్యర్థాన్ని శుద్ధిచేస్తే ఎవరికి బిల్లు వేస్తాం? ఆ మేలు దిగువన బావి నీళ్లు తాగే ఇంటిది, జబ్బుపడని పసిబిడ్డది. అందుకని ఇక్కడ అప్పు ఒక్కటే చాలదు, గ్రాంటు కలపాల్సిందే. ట్యాంకులు ఖాళీ చేసే లారీల యజమానులకు, మరుగుదొడ్డి కట్టుకునే కుటుంబాలకు అభివృద్ధి బ్యాంకు నేరుగా అప్పివ్వలేకపోతే చిన్న రుణ సంస్థలకు రీఫైనాన్స్ (తిరిగి అప్పివ్వడానికి సొమ్ము) ఇచ్చి వారిచేత ఇప్పించవచ్చు.

2020 నవంబరులో దాదాపు 450 ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకులు పారిస్ వేదికగా తొలిసారి ఒక్కచోట చేరాయి. ఆ బ్యాంకులన్నింటికీ నాదొక విన్నపం. నీటికి, పారిశుద్ధ్యానికి ఎన్ని కోట్లు మంజూరు చేశారో వార్షిక నివేదికలో వేసుకుంటున్నారు కదా, దాని పక్కనే మరో మూడు వరుసలు చేర్చండి: సగటున ఎన్నేళ్ల గడువు ఇచ్చారు, అందులో చిన్న పట్టణాల వాటా ఎంత, అప్పు ఇచ్చిన ఐదేళ్లకు అక్కడ ఎంత నీరు కారిపోతోంది. మా ఊరి అప్పు తీరిన రోజు బ్యాంకు నుంచి ధన్యవాదాల ఉత్తరం వచ్చింది. చివరి వీధుల్లో నీళ్లు వస్తున్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇట్లు,
నీటి సరఫరా సంస్థలో పనిచేసి రిటైరైన ఒక అకౌంట్స్ అధికారి