రెండు చెంబుల నీళ్లతో తేలింది

నాలుగు నెలలుగా మా కారులో అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టలేకపోయాను. రాత్రి వాన పడితే చాలు, తెల్లారేసరికి ఎడమవైపు కార్పెట్ నానిపోయి ఉండేది. తలుపు తీస్తే తడిగుడ్డ ముక్కిన వాసన. కొని ఏడాదిన్నర కూడా కాని బండి! ఆ బాధ ఈ వారం తీరింది. తీర్చినవాళ్లకు నలుగురి ముందూ దండం పెట్టాలని ఇది రాస్తున్నాను.

షోరూము పేరు రాయను. నేను దండం పెట్టాల్సిన వాళ్లలో అక్కడి కుర్రవాడు కూడా ఒకడున్నాడు.

మొదటిసారి తీసుకెళ్తే, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది, శుభ్రం చేశాం అన్నారు. రెండోసారి, మీరే అద్దం కాస్త దించి వదిలేసి ఉంటారన్నారు. మూడోసారి కార్పెట్ ఆరబెట్టి సెంటు కొట్టి ఇచ్చారు. నాలుగోసారి, సన్‌రూఫ్ (పైకప్పులో తెరుచుకునే అద్దం) మీ వాడకం వల్లే పాడైంది, వారంటీ వర్తించదు అంటూ, తడిసిన వైరింగుతో కలిపి 38 వేల రూపాయల అంచనా చేతిలో పెట్టారు. బండి తీసుకునేటప్పుడు సమస్య రాసుకునే కాగితం, అదే జాబ్ కార్డు మీద మాత్రం నాలుగుసార్లూ ‘జనరల్ చెకప్’ అనే రాశారు. నేను చదవకుండానే సంతకాలు పెట్టాను.

మా వీధి చివరి బాబాయి గారు ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యారు. సంగతి విని ఒక్కటే అడిగారు: “ఏసీ వేయని రోజు కూడా తడుస్తోందా?” అవునన్నాను. “అయితే ఏసీ కాదబ్బాయ్, చెంబు పట్టుకురా” అని తానే ఇంట్లోకి వెళ్లి తెచ్చారు. సన్‌రూఫ్ చుట్టూ కాలువలాంటి గాడి ఉంటుందట. అందులో పడిన వాననీరు మూలల్లోని సన్నని గొట్టాల్లోంచి దిగి కారు కిందికి పోవాలి. కుడి మూలన నీళ్లు పోశారు. కాసేపటికే ముందు చక్రం వెనక ధార కట్టింది. ఎడమ మూలన పోశారు. నేల మీద చుక్క లేదు, లోపల కార్పెట్ మీద టప్ టప్. “వీడియో తీయి” అన్నారు. నాలుగు నెలల ప్రశ్నకు రెండు చెంబుల జవాబు!

ఆ వీడియోను ఏం చేయాలో చెప్పింది మా చెల్లెలి స్నేహితురాలు, న్యాయవాది. ఫీజు మాట ఎత్తనివ్వలేదు. ఇకపై సమస్యను నా మాటల్లోనే జాబ్ కార్డులో రాయించమన్నారు, రాయకపోతే సంతకం పెట్టవద్దన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయించారు. అక్కడ తెలుగులోనే ఓపికగా విని, ఫిర్యాదు నంబరు ఇచ్చి, విషయాన్ని కంపెనీకి పంపారు. వాళ్లు తీర్పులు చెప్పలేరు, కంపెనీని జవాబు అడుగుతారు, అంతే. అక్కడ తెగకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చట, రెండేళ్ల గడువులోపు. మేము 11 లక్షలు పెట్టి కొన్న కారుకు అక్కడ కట్టాల్సిన రుసుము 400 రూపాయలని విని నవ్వొచ్చింది. ఆ వాసన పోగొట్టడానికని షోరూము వేసిన బిల్లు అంతకన్నా ఎక్కువ.

కమిషన్ దాకా పోవాల్సిన పని పడలేదు. పన్నెండో రోజున కంపెనీ ఇంజనీరు వచ్చి వీడియో చూశారు, మాట్లాడలేదు. పైకప్పు లోపలి అట్ట దించిన కుర్రవాడు, వినియోగదారులను లోపలికి రానివ్వని చోటికి నన్ను పిలిచి, టార్చి వేసి చూపించాడు. ఎడమ గొట్టం అతుకు దగ్గర ఊడి వేలాడుతోంది. పగలలేదు, కోసుకుపోలేదు. నా వాడకానికీ దానికీ సంబంధమే లేదు. తమ్ముడూ, ఆ టార్చి వెలుగు నాకు 38 వేలు మిగిల్చింది. గొట్టం, కార్పెట్, కనెక్టర్లు అన్నీ వారంటీలోనే మార్చారు.

నిన్న రాత్రి రాజమహేంద్రవరంలో గట్టి వాన. తెల్లవారకముందే లేచి వెళ్లి కార్పెట్ తడిమి చూశాను. పొడిగా ఉంది. బాబాయి గారూ, మీ చెంబు ఇంకా మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చి ఇస్తాను.