గుడ్డ అట్ట అంటించకండి, తొడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

డైరీలకు, నోటు పుస్తకాలకు కుట్టు లేకుండా గుడ్డ అట్ట వేసుకోవడం గురించి చేతిపనుల శీర్షికల్లో తరచూ చూస్తున్నాం. ఫొటోలు ముచ్చటగా ఉంటాయి, కొలతలు మాత్రం ఉండవు. పైగా ‘గుడ్డకు జిగురు రాసి అట్ట మీద అంటించండి’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పుస్తకాలు బైండు చేసే మాకు ఆ మాట చదివి ఊరుకోబుద్ధి కాదు.

తడి జిగురు పట్టిన గుడ్డ ఆరుతూ బిగుసుకుంటుంది. ఆ లాగుడు అట్టకు ఒకవైపే ఉంటుంది కనుక అట్ట బయటికి వంగి, పుస్తకం ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది. బైండింగులో లోపలి వైపు కూడా కాగితం అంటించి రాత్రంతా బరువు కింద ఉంచేది ఈ వంపు రాకుండా ఉండాలనే. ఇంట్లో అంత పని ఎవరూ చెయ్యరు. చేసినా డిసెంబరు 31తో డైరీ పాతబడిపోతుంది, దానికి అంటించిన మంచి గుడ్డ కూడా దాంతోపాటే చిత్తులోకి పోతుంది. అదే తొడుగైతే తీసి కొత్త డైరీకి వేసుకోవచ్చు. డ్వాక్రా సంఘాల తీర్మానాల పుస్తకాలు, అంగన్‌వాడీ రిజిస్టర్లు సంచుల్లో తిరిగి తిరిగి మూలలు చితికిపోతాయి. తొడుగు అవసరం అసలు వాటికే ఎక్కువ.

గుడ్డ నూలుదై ఉండాలి. పాలియెస్టరుకు జిగురు సరిగా పట్టదు, ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది. జార్జెట్టు అయితే జిగురు అవతలికి దిగిపోయి మచ్చలు తేలుతుంది. కొత్త నేత గుడ్డలో గంజి ఉంటుంది, కొంత కుదించుకుపోయే గుణమూ ఉంటుంది. అందుకని ముందే నీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యాలి. తడిసిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూస్తే రంగు దిగుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. పొందూరు ఖద్దరు ముక్క దొరికితే అదృష్టమే. వలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి నేసిన గుడ్డ అది. అయితే సన్న నూలు పంచెల ముక్క మరీ పలచన, వెనక ఆధారం లేకుండా నిలవదు.

ఆ ఆధారం కోసం చొక్కా కాలర్లకు వేసే కాన్వాస్ తీసుకోండి, ఇస్త్రీ పెడితే అతుక్కునే రకం. టైలరింగ్ సామాన్ల కొట్లలో దొరుకుతుంది.

కొలత తీసేటప్పుడు పుస్తకం మూసి ఉండాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తెరిచి పరిచి కొలిస్తే, ముఖ్యంగా మెత్తటి అట్ట పుస్తకాలకు, వీపు (కాగితాలు కుట్టిన వైపు) మందం లెక్కలోకి రాదు. తొడుగు వేశాక పుస్తకం మూతపడదు. టేపును ముందు అట్ట అంచు నుంచి వీపు మీదుగా వెనక అట్ట అంచు దాకా తిప్పండి. మామూలు డైరీ అట్ట 15 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 ఎత్తు, మందం 2 అనుకుందాం. చుట్టుకొలత 32 అయింది. దానికి వదులు అర సెంటీమీటరు, లోపలికి వెళ్లే మడతలు రెండు వైపులా 8 చొప్పున 16, ఒక చివర మడిచి అంటించడానికి ఒకటిన్నర. మొత్తం 50. ఎత్తుకు అర సెంటీమీటరు వదులిస్తే 22, పైనా కిందా మడవడానికి 3 చొప్పున 6, అంటే 28.

రెండో చివర ఎందుకు వదిలేశామంటే, అక్కడ గుడ్డకు సహజంగా ఉండే నేత అంచు రావాలి. అంచులో పోగు ఊడదు, మడవక్కర్లేదు. అంచు 28 సెంటీమీటర్ల వైపు వచ్చేలా పెడితే పడుగు, అంటే నేతలో అంచు వెంట నిలువునా సాగే పోగులు, పుస్తకం వీపు పొడవునా నడుస్తుంది. ఆ దిశలో గుడ్డ తక్కువ సాగుతుంది కనుక తొడుగు మెలి తిరగదు. మీటరు పన్నా (వెడల్పు) ఉన్న 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్కలో ఇలాంటివి నాలుగు వస్తాయి. తడిపాక పన్నా కొంచెం తగ్గితే లోపలి మడతలు 8 బదులు 7 పెట్టుకోండి. గుడ్డను మాత్రం ఏటవాలుగా కత్తిరించకండి.

కాన్వాస్‌ను 32.5 × 22 మాత్రమే కత్తిరించాలి, మడతల్లోకి పోనివ్వకూడదు. లేకపోతే మూలల్లో పొర మీద పొర పేరుకుని ఉబ్బుతుంది. గుడ్డ వెనక సరిగ్గా పరిచి, పైన తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను ఒక్కోచోట 10 నుంచి 12 సెకన్లు అదిమి ఎత్తాలి. చీర మీద జరిపినట్టు జరిపితే కాన్వాస్ కదిలి బుడగలొస్తాయి. వేడి మీద ఉండగా లేపి చూడకండి. దాని జిగురు గట్టిపడేది చల్లారాకే.

కోసిన అంచుల వెంట 2 మిల్లీమీటర్ల సన్న గీతలా జిగురు రాసి ఆరనిస్తే పోగులు ఊడవు. పైనా కిందా 3 సెంటీమీటర్ల మడతలు కాన్వాస్ అంచు దగ్గర ఇస్త్రీతో మడిచి, కుంచెతో పలచగా జిగురు రాసి అంటించండి. ఒక తొడుగుకు చెంచాడు జిగురు కూడా అక్కర్లేదు. సీసా మూతితో నేరుగా పిండితే అది గుడ్డలో దిగి, ఆరాక ముదురు రంగు గట్టి మచ్చగా మిగిలిపోతుంది. ఆ మచ్చ ఇక పోదు. అంచు లేని చివర ఒకటిన్నర సెంటీమీటర్లు మడిచి అంటించండి.

ఇప్పుడు రెండు చివర్లనూ 8 చొప్పున లోపలికి మడవాలి. మడతకు పైన, కింద అర సెంటీమీటరు మేర మాత్రమే జిగురు. అంచు పొడవునా రాస్తే జేబు మూసుకుపోయి అట్ట దూరదు. దానిమీద కాగితం, పైన నాలుగు పుస్తకాలు వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున రెండు అట్టలనూ వెనక్కి విరిచి ఒకేసారి జేబుల్లోకి దూర్చాలి. ఒకటి పూర్తిగా తొడిగాక రెండోదాన్ని లాగితే అతుకు విడిపోతుంది.

కట్టుకోవడానికి ఎలాస్టిక్ పెడుతున్నారు. సాగే వస్తువు మీద జిగురు నిలవదు, కొద్ది రోజుల్లో ఊడి వస్తుంది. నూలు నాడా 25 సెంటీమీటర్ల ముక్కలు రెండు, లోపలి మడతలు అంటించే ముందే చెరో అట్ట అంచు దగ్గర, 3 సెంటీమీటర్లు లోపలికి పోయేలా అంటిస్తే చాలు.

మైదా జిగురు ఇంట్లోనే కాచుకోవచ్చు గానీ మన తీరప్రాంతపు వానాకాలంలో దానికి బూజు పడుతుంది, బొద్దింకలు కొరుకుతాయి. పురుగు పట్టకుండా బైండింగువాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న ఇళ్లలో దాని జోలికి పోవద్దు. మామూలు తెల్ల జిగురు వాడితే తొడుగును నానబెట్టకూడదు, నీళ్లకు మెత్తబడి మడతలు విడిపోతాయి. మాసినచోట సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టుకోవాలి. ఉతకాలనుకునేవారు గుడ్డల కోసమే అమ్మే జిగురు కొనుక్కోవాలి.

మీ పత్రికలో ఇకమీదట ఇలాంటి పని వేసినప్పుడు ఫొటోలు ఒకటి రెండు తగ్గినా పర్వాలేదు, కత్తిరించాల్సిన కొలతలు సెంటీమీటర్లలో ఇవ్వాలని మా మనవి.

ఇట్లు,
పుస్తకాల బైండింగ్ పనివారు,
విజయనగరం.