బర్మింగ్‌హామ్‌లో గీతలు గీసిందెవరు?

సంపాదకులకు,

అమెరికా నల్లజాతి పోరాటం అనగానే మన పత్రికలు మార్టిన్ లూథర్ కింగ్ దగ్గరే ఆగిపోతాయి. అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరం మీద బాబీ విల్సన్ అనే నల్లజాతి భూగోళ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పని గురించి కూడా కాస్త రాయండి. 1871లో పుట్టిన ఆ ఊరి చుట్టుపక్కలే బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి మూడూ దొరికాయి, వాటికి తోడు నల్లవాళ్ల చవక కూలి, అది చాలదన్నట్టు ఖైదీలను గనులకు అద్దెకిచ్చే పద్ధతి (అలబామాలో 1928 దాకా నడిచింది!). జాతి వివక్ష ఉత్త ద్వేషం కాదు, పరిశ్రమ లాభాల లెక్కలోనే ఉందని ఆయన వాదన. నాకైతే అసలు విషయం ఇదే.

నల్లవాళ్లు ఏ పేటలో, తెల్లవాళ్లు ఏ పేటలో ఉండాలో 1926 నాటి జోనింగ్ చట్టం (నగరాన్ని ప్రాంతాలుగా విడదీసే నిబంధన) గీతలు గీసింది. అలాంటివి చెల్లవని సుప్రీంకోర్టు 1917లోనే చెప్పినా నగరం పట్టించుకోలేదు. 1940ల చివర్లో ఆ గీత దాటి ఇళ్లు కొన్న నల్లవాళ్ల మీద బాంబులు వేశారు, ఎన్నంటే ఆ చోటికి డైనమైట్ హిల్ అనే పేరే పడిపోయింది. అయినా జనం తగ్గలేదు, కోర్టుకెక్కి ఆ చట్టాన్ని కొట్టేయించారు. విల్సన్ కింగ్ నడిపిన 1963 నాటి బర్మింగ్‌హామ్ పౌరహక్కుల ఉద్యమంతో ఆపకుండా, ఆ తర్వాత పేటల వారీగా వచ్చిన సంఘాల కథా రాశారు.

స్కూల్ రేటింగ్ చూసి అమెరికాలో ఏ పేటలో ఇల్లు కొనాలో ఎంచుకునే మనవాళ్లకీ పేటల మధ్య గీతల ఈ కథ తెలియాలి. మీ ఆదివారం సంచికలో ఒక్క పేజీ ఇవ్వండి, సినిమావాళ్ల పెళ్లిళ్లకి ఎలాగూ ఇస్తున్నారు కదా.

– ఒక పాఠకుడు, గుంటూరు