మీరు చెప్పిన 6,500 లెక్క తప్పు, సరిదిద్దండి

ఛానల్ యాజమాన్యానికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఖతార్‌లో లుసైల్ స్టేడియం కట్టేటప్పుడు 2018 నుంచి 2021 దాకా అక్కడ షట్టరింగ్ పని చేశాను. 2026 ప్రపంచ కప్ మీద గత ఆదివారం మీరు వేసిన స్పెషల్ ప్రోగ్రాం ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ ప్రోగ్రాంలో అమెరికా అంటే స్టేడియాలు, లైట్లు. మెక్సికో అంటే తుపాకులు, డ్రగ్స్. 1970లో, 1986లో కూడా కప్పు అక్కడే జరిగిందని ఒక్క మాట లేదు. తర్వాత ఖతార్. వెనక నుంచి తీసిన మా హెల్మెట్లు, ఏడుపు మ్యూజిక్, "స్టేడియాలు కడుతూ 6,500 మంది మృతి" అని ఎర్రక్షరాలు. అది తప్పండి. 2021లో గార్డియన్ పత్రిక ఇచ్చిన ఆ లెక్క భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక నుంచి వెళ్లి పదేళ్లలో అక్కడ చనిపోయిన వాళ్లందరిది, ఏ పని చేసినా, ఏ కారణంతో పోయినా.

అలాగని అక్కడ అంతా బాగుందని నేననడం లేదు. 2021లో ఎండాకాలం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా బయట పని ఆపించారు, అంతకుముందు వేసవుల్లో కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను నేనే మోశాను. మా వీధి కుర్రాడు పెట్టెలో వచ్చాడు. కాగితంలో 'సహజ మరణం' అని రాసి ఉంది, పోస్టుమార్టం లేదు, అలా రాస్తే కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదట. వాళ్లమ్మ ఆ కాగితం కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది, ఎవరు వెళ్లినా తీసి "ఏం రాశారు బాబూ" అని అడుగుతుంది. అడగాల్సింది ఆవిడని. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ఎక్కడికొచ్చినా గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లుంటారు, మీ అర్ధగంటలో మాలో ఒక్కడి గొంతైనా లేదు.

2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలప్పుడు విదేశీ ఛానళ్లు మన బాత్రూంలు పదేపదే చూపిస్తే మనకెంత కష్టంగా అనిపించింది?

ఆ అంకెను వచ్చే ఆదివారం అదే టైంలో సరిదిద్దండి, యూట్యూబ్ వీడియోలోనూ మార్చండి. 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మీ పైనున్న స్వీయ నియంత్రణ సంస్థకు రాస్తాను. మీ రిపోర్టర్ వస్తానంటే ఆ తల్లి దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక ప్రేక్షకుడు