ఆ 16 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? శాసనసభ్యుడికి ఒక దుకాణదారు బహిరంగ లేఖ

ఇల్లినాయ్ శాసనసభలో మా ప్రాంత ప్రతినిధి గారికి,

నమస్కారం. మీకు ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ఇంగ్లీషులో రాశాను, జవాబు లేదు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీరు చదవకపోయినా రాత్రిపూట కౌంటర్ల వెనుక నిలబడే మావాళ్లయినా చదువుతారు.

తుపాకీ దాచుకుని వెంట తీసుకెళ్లే అనుమతికి ఇక్కడ 16 గంటల శిక్షణ తీసుకోవాలి. ఆ శిక్షణే వద్దని నేను అనడం లేదు. ఆ మాట మూడు ఉత్తరాల్లోనూ రాశాను. మా దుకాణానికి ఉన్నది ఇద్దరమే, నేనూ మా ఆవిడా. గల్లా దగ్గర తుపాకీ ఉంచుకోవడానికి ఫాయిడ్ కార్డు (తుపాకీ కలిగి ఉండటానికి రాష్ట్రం ఇచ్చే కార్డు) చాలు. రాత్రి 11 దాటాక డబ్బు సంచితో బ్యాంకు దాకా నడిచే నాలుగు వీధులకే ఈ అనుమతి కావాలి. 2013లో చట్టం చేసినవారి లెక్కలో దొంగ దుకాణంలోకే వస్తాడు కాబోలు.

తరగతులేమో శని, ఆదివారాల్లో. మాకు బేరాలు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. మొదటిసారి మా ఆవిడ డబ్బు కట్టి వెళ్తే, సరిపడా మంది రాలేదని శిక్షకుడు వెనక్కి పంపాడు. రెండోసారి శనివారం 8 గంటలు కూర్చుంది, ఆదివారం మంచు తుఫాను. మిగతా సగం వచ్చే నెల అన్నారు. వచ్చే నెల వెళ్తే మొదటి నుంచి కూర్చోమన్నారు, డబ్బూ మళ్లీ కట్టమన్నారు. మూడోసారికి పూర్తయింది. అంతా కలిపి ఆమె కాల్చింది 30 గుండ్లు: 5, 7, 10 గజాల నుంచి పదేసి. 21 తగిలితే చాలు, ఆమెవి 26 తగిలాయి (ఇది రాయకపోతే ఇంట్లో ఊరుకోరు). కానీ పోలీసులు కారు ఆపినప్పుడు చేతులు ఎక్కడ ఉంచాలి, ఏం చెప్పాలి అన్న పాఠాన్ని గబగబా ఇంగ్లీషులో అప్పజెప్పి వదిలేశారు. మాలాంటివారి ప్రాణాలు దాని మీదే ఉంటాయి. ఇంటికొచ్చి నన్ను అడిగింది. నాకేం తెలుసు? నాకింకా తరగతే కుదరలేదు.

పక్కనే ఉన్న ఇండియానాలో 2022 జులై నుంచి అనుమతే అక్కర్లేదు. అది సబబని నేననను. కానీ ఇక్కడ 16 గంటలు, 150 డాలర్లు, వేలిముద్రలు ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల ఎదురుచూపు! సైన్యంలో చేసి వచ్చినవారికి 8 గంటలు తగ్గించారు, మంచిదే. మాకు తగ్గించమని అడగను. వారం మధ్యలో, సాయంత్రాలు, నాలుగేసి గంటలు పెట్టించండి. పోలీసుల పాఠమైనా మా భాషల్లో చెప్పించండి. ఇదీ నాలుగోసారే అడుగుతున్నాను.

వచ్చే శనివారం నాకు సీటు ఉందట. ఆ రాత్రి డబ్బు సంచికి మా ఆవిడ ఉంది. కౌంటర్ దగ్గర నిలబడటానికి మీకు వీలవుతుందేమో కబురు చేయండి.

ఇట్లు,
షికాగో శివారులోని ఒక దుకాణదారు