రాటల ముక్కలు పొయ్యిలో పెట్టకూడదని ఎందుకు చెప్పలేదు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. పశువుల పాకకి, పెరట్లో పందిరికి మీ డిపోలో 14 రాటలు కొన్నాం. మా తడినేలలో మామూలు కర్ర పాతితే మొదలు కుళ్లిపోతుంది, లేదంటే చెద తినేస్తుంది. అందుకే మందు ఎక్కించిన కర్ర కొన్నాం. అందులో మీ తప్పేమీ లేదు.

వడ్రంగి కోయగా మిగిలిన ముక్కల్ని మా అమ్మ నెల రోజులు నీళ్ల పొయ్యిలో పెట్టింది. ఆ బూడిదతోనే అంట్లు తోమింది. పెంకుపురుగు పట్టకుండా ఆనపపాదు మీద చల్లింది. మా ఇళ్లల్లో బూడిద పారేసే అలవాటు లేదండీ.

ముక్కల పచ్చటి ఛాయ చూసి అనుమానం వచ్చి ఫోన్ చేస్తే, మూడోసారికి మీవాళ్లు అది సీసీఏ అని చెప్పారు. అంటే రాగి, క్రోమియం, ఆర్సెనిక్. ఆర్సెనిక్ అంటే పాషాణం. కర్రగా ఉన్నంతకాలం అది చాలావరకు కర్రనే అంటిపెట్టుకుని ఉంటుంది. కాలిస్తే కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో చేరుతుంది. 1933లో ఈ మందు కనిపెట్టింది మన దేశం వారే, సొంటి కామేశం గారు. అమెరికాలో ఇళ్ల దగ్గర వాడే కర్రకి 2003 చివరికల్లా దీన్ని చాలావరకు మానేశారు. ఈ సంగతి మీకు తెలియదంటే నమ్మను. బిల్లులో ‘ట్రీటెడ్’ అని ఒక్క ముక్క ఉంది, అంతే. మీ సేల్స్ అబ్బాయి ‘పదేళ్లు చెద పట్టదండీ’ అన్నాడు గానీ, ‘ముక్కలు కాల్చకండి’ అనలేదు.

పాదు పీకేశాం. అమ్మకి పరీక్షలు చేయిస్తున్నాం. గేదె రోజూ ఆ రాటనే నాకుతోంది, చూస్తుంటే టెన్షన్. పక్కింటివాళ్లు పట్టుకెళ్లిన ముక్కలు నేనే వెళ్లి వెనక్కి తెచ్చాను.

మిగిలిన ముక్కలు, బూడిద యూరియా సంచుల్లో కట్టి ఉంచాను. కాలవలో పారబోయలేను, ఊరంతా ఆ నీళ్లే వాడతారు. మీ బండి పంపి తీసుకెళ్లండి. రాటలకి ఏ మందు ఎంత ఎక్కించారో, పాకలో వాటిని ఉంచాలో తీసేయాలో రాసి పంపండి. కాల్చకూడదని, కోసేటప్పుడు పొట్టు పీల్చకూడదని, ఆ పొట్టు పశువుల కింద వేయకూడదని ప్రతి రాట మీదా తెలుగులో అచ్చు వేయండి. ఇంతకుముందు కొన్నవాళ్ల నంబర్లు మీ బిల్లు పుస్తకాల్లో ఉంటాయి. ముందు వాళ్లకి ఫోన్ చేయండి, ఏ ఇంట్లో ఏ పొయ్యిలో ఉన్నాయో ఆ ముక్కలు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు